మేక వీపులో నీలం: వెన్ను పక్కన ఎక్కించిన మత్తు మందు ఎటు పారుతుందో కళ్లారా చూడడం ఎలా

ఆదివారం పొద్దున హన్మకొండలో ఏదైనా మటన్ షాపు ముందు వరుసలో నిలబడి, "మెడ కింది నుంచి నడుము దాకా వీపు మొత్తం కావాలి, ముక్కలు మాత్రం కొట్టవద్దు" అని అడిగి చూడండి. షాపాయన ఒకసారి మీ వైపు, ఒకసారి తన మొద్దు వైపు చూసి, కొట్టకుండా ఎలా వండుతారని అడుగుతాడు. వండడానికి కాదని చెబితే అనుమానం ఇంకా పెరుగుతుంది. ఏడాదికి రెండు మూడు సార్లు నేను ఈ చూపులు భరిస్తాను. మత్తు వైద్యం నేర్చుకుంటున్న పీజీ పిల్లలకు, వెన్ను పక్కన ఎక్కించిన మందు ఎలా పారుతుందో చూపడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు.

ఇది వాళ్ల కోసం, ఆపరేషన్ థియేటర్‌లో పనిచేసే టెక్నీషియన్ల కోసం రాస్తున్నాను. కుతూహలం ఉన్న మామూలు పాఠకులూ చదవవచ్చు. మేక వీపు మీద ఎవరైనా చేసి చూసుకోవచ్చు. మనిషి వీపు విషయానికి వస్తే, శిక్షణ ఉండాలి, పక్కన సీనియర్ ఉండాలి.

అసలు ఈ పిచ్చి నాకు ఎలా పట్టిందో చెబుతాను. కొన్నేళ్ల కిందట మిరప బస్తాల ట్రాక్టరు మీద నుంచి పడి, ఎడమ వైపు నాలుగు పక్కటెముకలు విరిగిన ఒక పెద్దాయన వచ్చాడు. దగ్గు వస్తే ప్రాణం పోయినంత పని. ఐదో ఛాతీ వెన్నుపూస దగ్గర, వీపు కండరం కింద 20 మి.లీ. మందు ఎక్కించాను. నరాలను మొద్దుబార్చే ఈ పద్ధతిని ఇరెక్టర్ స్పైనే బ్లాక్ అంటాం. అల్ట్రాసౌండ్ తెర మీద మందు కండరాన్ని పైకెత్తి ఎముక మీద నల్లని చారలా పరుచుకుంది. ముచ్చటేసి ఫొటో కూడా తీసి పెట్టుకున్నాను. అరగంట తర్వాత పెద్దాయన మొహమాటపడుతూ అన్నాడు: "వీపుకు హాయిగా ఉంది సార్, ముందు మాత్రం ఇంకా గుంజుతోంది." ఫొటో నా దగ్గర ఉంది, నొప్పి ఆయన దగ్గరే ఉండిపోయింది. విరిగింది ముందు వైపు. మందు ఆగింది వెనుక వైపు.

ముందు నేల తెలుసుకోండి

పొలానికి నీళ్లు పెట్టినవాళ్లకు ఈ సంగతి త్వరగా ఎక్కుతుంది. తూము ఎత్తినంత మాత్రాన చివరి మడి తడవదు. గట్టు ఎంత ఎత్తు, గండి ఎక్కడ పడింది, నేల ఎటు వాలు, ఎంతసేపు పారింది అన్నవన్నీ కలిసి తేలుస్తాయి. కాకతీయ కాలువ చివరి ఆయకట్టు రైతును అడిగితే ఇంకా వివరంగా చెబుతాడు. మన సూది మొన తూము మాత్రమే. ఆ తర్వాత మందు తనకు దారి దొరికిన వైపు పోతుంది.

ఇక నేల సంగతి. వెన్నుపాము నుంచి ప్రతి మెట్టులో ఇటొక నరం, అటొక నరం పూసల మధ్య కిటికీలోంచి బయటికి వస్తాయి. రాగానే రెండుగా చీలుతాయి. చిన్న కొమ్మ వెనక్కి తిరిగి వీపు కండరాలకు, వీపు చర్మానికి పోతుంది. పెద్ద కొమ్మ పక్కటెముక కింది అంచు వెంట ముందుకు సాగి రొమ్ము ఎముక దాకా వస్తుంది. మన పెద్దాయన నొప్పంతా ఆ పెద్ద కొమ్మది.

వీపు చర్మం మీద నుంచి లోపలికి దిగుతూ పోతే, పూసకు రెండు వైపులా రెక్కల్లా పొడుచుకొచ్చే ఎముకలు తగులుతాయి. ట్రాన్స్‌వర్స్ ప్రాసెస్ అని పుస్తకాల్లో ఉంటుంది. ఇక్కడ రెక్క ఎముక అంటాను. దాని మీద నిలువునా పరుచుకున్న కండరాల కట్ట ఇరెక్టర్ స్పైనే. ఆ కట్టకూ ఎముకకూ మధ్య పొర మొదటి మడి. రెక్క ఎముక దాటి, ఒక గట్టి లిగమెంటు దాటి, ఊపిరితిత్తి పైపొరకు ఇవతల ఉన్న ముక్కోణపు మూలలాంటి చోటు రెండో మడి, పారావర్టిబ్రల్ స్పేస్. అక్కడ నరం ఒరలేని కత్తిలా పడి ఉంటుంది. కిటికీ గుండా ఇంకా లోపలికి పోతే మూడోది, ఎపిడ్యూరల్. ఆ తర్వాత పొర చీల్చి నీటిలో దిగితే స్పైనల్.

విచిత్రం ఏమిటంటే మనుషులు ఈ నేలలోకి లోపలి నుంచి బయటికి వచ్చారు. 1898లో ఆగస్ట్ బియర్ జర్మనీలో మొదట వెన్నునీటిలోకే మందు ఎక్కించాడు. 1905లో హ్యూగో సెల్‌హైమ్ పారావర్టిబ్రల్ వర్ణించాడు. అన్నిటికంటే బయట ఉన్న, అన్నిటికంటే తేలికైన ఇరెక్టర్ స్పైనే బ్లాక్‌ను ఫొరేరో బృందం ప్రకటించింది 2016లో. అల్ట్రాసౌండ్ చేతికి వచ్చాక గానీ ఆ పొర మన కంట పడలేదు.

మాంసం ఎలా ఎంచాలి

వెన్నును నిలువునా చీల్చవద్దని ముందే చెప్పండి. కత్తి ఎత్తాక చెబితే లాభం లేదు. రెండు వైపులా పక్కటెముకలు కనీసం జానెడు పొడవు ఉంచమనండి. అప్పుడే అది బోర్లించిన పడవలా పళ్లెంలో నిలబడుతుంది, లోపలికి తొంగి చూడడానికి వీలుంటుంది. జబ్బలు తీసేయవచ్చు. పేగులు, ఊపిరితిత్తులు ఎలాగూ తీసేస్తారు. పక్కటెముకల లోపలి వైపు అంటుకుని మెరిసే పలుచని పొరను మాత్రం చేత్తో లాగేయవద్దని బతిమాలండి. సగం పాఠం ఆ పొరలోనే ఉంది.

అప్పుడే కోసిన మాంసమే తీసుకోండి. ఫ్రిజ్‌లో పెట్టినదైతే కొవ్వు బిగుసుకుపోయి, రంగు పారక ఒకేచోట గడ్డలా కూర్చుంటుంది. ఒకసారి శనివారం కొని పెట్టుకుని ఆదివారం పొద్దంతా వృథా చేసుకున్నాం.

రంగు సంగతి కూడా అంతే ముఖ్యం. మొదటిసారి ఇంట్లో ఉంది కదా అని పసుపు నీళ్లు కలిపాను. పసుపు నీటిలో కరగదు, పొడి కిందికి దిగి సూదిలో అడ్డుపడింది. పోయిన కాస్తా కొవ్వు రంగులో కలిసిపోయింది. ఎరుపు అసలే పనికిరాదు, రక్తమేదో రంగేదో తెలియదు. తెల్లబట్టలకు వేసే నీలం ఉంటుంది కదా, అది నాలుగైదు చుక్కలు 50 మి.లీ. సెలైన్‌లో కలిపితే చాలు. మరీ చిక్కగా కలిపితే ముట్టుకున్నదల్లా నీలమై మంచి చెడు తెలియకుండా పోతుంది. ఇంకో మాట: ఈ మాంసం మళ్లీ పొయ్యి మీదికి రాకూడదు. వంటింటి వాళ్లకు మొదటే చెప్పి పెట్టండి.

మొదటి సూది: కండరం కింద

వీపును పైకి పెట్టండి. నడిమధ్యన వెన్నుముళ్ల వరుస వేలికి తగులుతుంది. దానికి ఒక బొటనవేలి వెడల్పు పక్కకు జరిగి, సూదిని నిటారుగా దించండి. ఎముక టక్కుమని తగిలేదాకా ఆగవద్దు, తగిలాక ముందుకు తోయవద్దు. అల్ట్రాసౌండ్ ఉంటే ప్రోబ్‌కు జెల్ నింపిన గ్లవ్ తొడిగి నిలువుగా ఆనించండి. రెక్క ఎముక పైన చదునుగా, కింద నీడతో కనిపిస్తుంది. గుండ్రంగా కనిపించి, పక్కన ఊపిరితిత్తి పొర గీత మెరిస్తే మీరు పక్కకు జరిగి పక్కటెముక మీద ఉన్నట్టు.

ముందు 1 మి.లీ. ఉత్త సెలైన్ తోయండి. కండరం ఎముక మీది నుంచి మూతలా లేస్తే మీరు సరైన పొరలో ఉన్నారు. కండరమే లోపల ఉబ్బి, దూది పింజలా కనిపిస్తే పొరకు పైనే ఆగిపోయారు. ఈ ఒక్క తేడా పట్టుకోవడానికి నా దగ్గర ఒక అమ్మాయి పదకొండు సార్లు గుచ్చింది. మేక ఏమీ అనదు, అదే దీనిలో ఉన్న సుఖం.

ఇప్పుడు నీలం 5 మి.లీ. నెమ్మదిగా తోయండి. మనిషికి 20 పోస్తాం కదా అని దీనికీ 20 పోయవద్దు. మేక ఎంత, దాని మడి ఎంత! ఒకసారి ఒకతను అలాగే పోశాడు. పళ్లెమంతా నీలమైంది, ఏ పొరలో గుచ్చినా అన్నీ అందినట్టే కనిపించాయి. ఎక్కువ పోస్తే ప్రతి పద్ధతీ గొప్పదిగానే తేలుతుంది. పరిశోధన పత్రాలు చదివేటప్పుడు కూడా ఈ సంగతి గుర్తుపెట్టుకుని, ఎన్ని మి.లీ. వాడారో మొదట చూడండి.

రెండో సూది: రెక్క దాటి

ఇది ఇద్దరు చేయాల్సిన పని. ఒకరు సూది పట్టుకుంటే, రెండోవారు పళ్లేన్ని బల్ల అంచుకు జరిపి, కింద కూర్చుని, ఫోను టార్చి వేసి పక్కటెముకల లోపలి వైపు చూస్తూ ఉండాలి.

మొదటి సూదికి అవతలి వైపు, అదే ఎత్తులో, మళ్లీ ఎముక తాకండి. సూది కొంచెం వెనక్కి లాగి, ఎముక కింది అంచు జారేలా మొన తిప్పి, లోపలికి పంపండి. మనిషిలో అయితే ఎముక దాటాక 1 నుంచి 1.5 సెం.మీ. లోపే చోటు వచ్చేస్తుంది. మేకలో ఇంకా తక్కువ. లిగమెంటు దాటేటప్పుడు చిన్న పట్టు సడలినట్టు వేలికి తెలుస్తుంది, తెలియకపోవచ్చు కూడా. నీలం 3 మి.లీ. మెల్లగా తోయండి.

కింద కూర్చున్నవారికి అప్పుడు కనిపించేది నేను ఎన్నిసార్లు చూసినా విసుగు రాలేదు. మెరిసే పొర వెనుక, వెన్నుకు దగ్గరగా, మొదట పెసరగింజంత నీలం పుడుతుంది. అది ఉబ్బుతుంది. ఉబ్బి, గాజు కాగితం కింద సిరా ఒలికినట్టు పక్కటెముక కింది అంచు పట్టుకుని పక్కకు పాకుతుంది. మరో పాయ ఎముక తల మీదుగా పక్క మెట్టులోకి దిగుతుంది. ముందుకు పోయే పెద్ద నరం ఆ నీలంలో దారంలా తేలుతూ కనిపిస్తుంది. పిల్లలు ఇక్కడ మాట్లాడడం మానేస్తారు.

పొర చిరిగి పళ్లెంలో టపుక్కున చుక్క పడిందా? ఆ చుక్క దగ్గర కాసేపు ఆగండి. మనిషిలో దాని వెనుక ఊపిరితిత్తి ఉంటుంది.

కోసి చూడడం

అరగంట వదిలేయండి. తర్వాత నడి వెన్ను పక్క నుంచి మొదలుపెట్టి కండరాన్ని బయటికి ఒలుస్తూ పోండి. తొందరపడి కత్తితో లాగితే, కత్తికి అంటిన నీలమే అన్నిచోట్లా పూసుకుంటుంది. ప్రతి కోతకూ బ్లేడు తుడవండి. మేకకు 13 జతల పక్కటెముకలు ఉంటాయి, మనకు 12. కాబట్టి మెట్లు పైనుంచి లెక్కపెట్టుకుని నోటుబుక్కులో మూడే కాలమ్‌లు గీయండి: ఏ మెట్టు, వెనుక కొమ్మకు రంగు అంటిందా, ముందు కొమ్మకు అంటిందా.

మొదటి సూది వైపు మీరు చూసేది చాలావరకు ఇలా ఉంటుంది: కండరం కింద నీలం పైకీ కిందికీ పొడవాటి నాలుకలా సాగి ఉంటుంది, వెనుక కొమ్మలు తడిసి ఉంటాయి, ముందు కొమ్మలు తెల్లగా ఉంటాయి. ఒక్కోసారి ఏదో ఒక మెట్టులో సన్నని గండి దొరికి ముందుకు కాస్త జారి ఉంటుంది. మనుషుల మృతదేహాల మీద చేసిన అధ్యయనాలూ ఇలాగే గొడవపడుతున్నాయి. కొన్నిటిలో రంగు పారావర్టిబ్రల్ దాకా, ఎపిడ్యూరల్ దాకా పోయింది, కొన్నిటిలో అసలు ముందుకే రాలేదు. కాబట్టి ఈ బ్లాక్ పనిచేస్తుందా అని అడిగితే నా జవాబు ఇది: వీపు వైపు నమ్మకంగా పనిచేస్తుంది, ముందు వైపు అదృష్టం. ముందు వైపు నొప్పి ఎక్కువై, రక్తం పలుచన చేసే మందులు వాడకుండా, చేయి తిరిగిన డాక్టర్ దగ్గర ఉంటే నేను పారావర్టిబ్రల్ వైపే మొగ్గుతాను. అక్కడ 15 నుంచి 20 మి.లీ. ఒకేచోట ఇచ్చినా సాధారణంగా నాలుగైదు మెట్లు అందుతాయి.

ఇంకొక్క కోత మిగిలింది. నీలం అంటిన నరాన్ని బ్లేడుతో అడ్డంగా కోయండి. పైన నీలం, లోపల తెలుపు. తడిసింది కదా అని మొద్దుబారినట్టు కాదు. మందు నరం పైపొరలోంచి లోపలి పోగుల దాకా ఊరాలి, దానికి సమయం పడుతుంది, దానికి తగినంత చిక్కదనం ఉండాలి.

మేక చెప్పనివి

చచ్చిన మేక ఊపిరి తీయదు. బతికిన ఛాతీలో ప్రతి శ్వాసకూ లోపలి పీడనం మారుతూ మందును అటూ ఇటూ లాగుతుంది. వెచ్చని కొవ్వు మెత్తగా దారి ఇస్తుంది. రక్తం వచ్చి మందును ఎత్తుకుపోతుంది. ఆ చివరిది మంచికీ చెడుకీ కారణం. కాబట్టి పళ్లెంలో చూసినదాన్ని దారి పటంగా వాడండి, జాతకంగా కాదు.

స్పైనల్ వేరే లెక్క, అక్కడ గట్లు లేవు, వాలు ఒక్కటే. దానికి వాడే మత్తు మందు బరువు బుపివకెయిన్‌లో మి.లీ.కు 80 మి.గ్రా. గ్లూకోజ్ కలిపి ఉంటుంది, అందుకే వెన్నునీటిలో మునుగుతుంది. గాజు గ్లాసు నీళ్లలో నీలం కలిపిన చక్కెర నీళ్లను సిరంజితో అంచు వెంట వదలండి, అర్థమైపోతుంది.

రోగి దగ్గర

ముందు మి.గ్రా. లెక్క. 0.5 శాతం బుపివకెయిన్ అంటే మి.లీ.కు 5 మి.గ్రా. మనకు వచ్చే 20 మి.లీ. సీసాలో 100 మి.గ్రా. ఉంటుంది. కిలోకు 2 మి.గ్రా. హద్దు పెట్టుకుంటే, 50 కిలోల పెద్దాయనకు ఆ ఒక్క సీసాతో కోటా అయిపోయింది. అదే సీసాలో అంతే సెలైన్ కలిపితే 0.25 శాతంది 40 మి.లీ. వస్తుంది. మి.గ్రా. మారలేదు, పారకం రెట్టింపైంది, బలం సగమైంది. ఎన్ని మి.లీ. అన్నది ఎంత దూరమో చెబుతుంది, ఎంత శాతం అన్నది ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెబుతుంది, మొత్తం మి.గ్రా. మాత్రం ఆయన గుండె సంగతి. ఈ మూడూ వేర్వేరని చెప్పడానికి నాకు ఏడాదంతా పడుతుంది.

మానిటర్లు తగిలించి, చేతికి సూది పెట్టి, మందు రక్తంలోకి ఎక్కువగా పోతే విరుగుడుగా ఎక్కించే 20 శాతం లిపిడ్ (కొవ్వు ద్రావణం) సీసా గదిలోనే ఉందని మీ కళ్లతో చూసుకుని మొదలుపెట్టండి. అది అవసరమైతే, 50 కిలోలకు లిపిడ్ మొదటి మోతాదు 75 మి.లీ., కిలోకు 1.5 చొప్పున. మందు 5 మి.లీ. చొప్పున, ప్రతిసారీ వెనక్కి లాగి రక్తం రావడం లేదని చూస్తూ ఎక్కించండి. నోట్లో లోహపు రుచి వస్తోందని, చెవుల్లో గుయ్‌మంటోందని, పెదాలు తిమ్మిరెక్కాయని అంటే సిరంజి అక్కడే ఆపాలి. ఒకవైపు కనురెప్ప వాలిందంటే మందు మెడ దాకా ఎక్కింది. బీపీ పడిపోయి రెండు వైపులా మొద్దుబారితే కిటికీ దాటి ఎపిడ్యూరల్‌లోకి చేరింది. మందు ఎక్కడికి పోయిందో రోగి ఒళ్లు ఇలా చెబుతూనే ఉంటుంది.

20 నిమిషాల తర్వాత పరీక్ష. గ్లవ్ వేలిలో నీళ్లు పోసి గడ్డకట్టించిన ఐసు చాలు. ఇక్కడ పిల్లలు చేసే తప్పు చేతిలో లేదు, మాటలో ఉంది. "తెలుస్తోందా పెద్దాయనా?" అని అడుగుతారు. తెలుస్తుంది, ఎందుకు తెలియదు! తాకిడి చివరగా పోతుంది, కొన్నిసార్లు అసలు పోదు. చల్లదనం తెలిసే పోగులు ముందే మూగబోతాయి. అందుకే మొదట ఐసు నుదుటి మీద పెట్టి, "ఇంత చల్లగా ఉంటుంది, గుర్తుపెట్టుకోండి" అనండి. తర్వాత వీపున, చంక కింద, రొమ్ము ముందు వరుసగా పెడుతూ, "నుదుటి మీద ఉన్నంత చల్లగా ఉందా, తక్కువగా ఉందా?" అని అడగండి. డాక్టర్ నొచ్చుకుంటాడేమోనని అన్నిటికీ తల ఊపే పెద్దవాళ్లు మన దగ్గర ఎక్కువ. మధ్యలో ఒకసారి మందు పడని వైపు పెట్టి చూడండి. అక్కడా చల్లగా లేదంటే ఆయన మీకు మర్యాద చేస్తున్నాడని అర్థం.

ఛాతీ మెట్లను టి అక్షరంతో లెక్కపెడతాం: చనుమొన దగ్గర టి4, రొమ్ము ఎముక కొస దగ్గర టి6, బొడ్డు దగ్గర టి10. ఈ మూడు గుర్తుంటే మెట్లు లెక్కపెట్టవచ్చు. చివరగా ఆయన్ని దగ్గమనండి. ఐసు ఏం చెప్పినా, దగ్గినప్పుడు చేయి రొమ్ము మీదికి పోతోందా లేదా అన్నదే నేను చూస్తాను.

చల్లదనం తగ్గిన హద్దులను చర్మం మీద పెన్నుతో గీసి, పక్కన టైము వేయండి. కేసు షీటులో వెనుక ఎన్ని మెట్లు, ముందు ఎన్ని మెట్లు అని విడివిడిగా రాయండి. ముందు రాకపోతే రాలేదనే రాయండి. ఆ గీతలు ఎందుకో పక్కన కూర్చున్న ఇంటివాళ్లకు కూడా చెప్పి రండి. ఒకసారి చెప్పడం మరిచిపోతే, తెల్లారి రౌండ్స్‌కు వెళ్లేసరికి ఆయన భార్య తడిబట్టతో శుభ్రంగా తుడిచేసి, పౌడరు కూడా రాసి కూర్చోబెట్టింది.